నా బంగారు కళ్ళజోడు, కొండపల్లి గొర్రెలు

కొందరి జీవితాల్లో ఘోరాలు రైలు వల్ల జరుగుతాయి, కొందరికి తుపాను వల్ల, ఎక్కువమందికి బంధువుల వల్ల. నా జీవితంలో జరిగిన ఘోరం మాత్రం నా ముక్కు మీద జరిగింది. ప్రాణనష్టం లేదు. కాకపోతే ఒక మహాతల్లి పైట రంగు మారింది, పరలోకం నుంచి దిగివచ్చిన దూత పెళ్ళికొడుకులా తయారయ్యాడు, ఒక గొర్రెల మంద ఇప్పటికీ కోలుకోలేదు. మా ఆవిడ రోజమ్మ మాత్రం కోలుకుంది. కోలుకున్న దగ్గర్నుంచి ఇంటికొచ్చిన ప్రతివారికీ కాఫీతోపాటు ఈ కథ కూడా అందిస్తోంది. ఆవిడ చెప్పినప్పుడల్లా అందులో నా పాత్ర ఇంకొంచెం దిగజారుతోంది. అందుకని అసలేం జరిగిందో నేనే వరసగా రాసిపెట్టడం మంచిదనిపించింది. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. మీకంటే ముందు చాలామంది నవ్వేశారు.

నా పేరు జోజయ్య. నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. అంటే ఏమిటంటే, ఇంజనీర్లు తవ్వించే కాలువలకి ముందుగా కాగితం మీద నేను తవ్వేవాణ్ణి. కృష్ణా డెల్టాలో పారే కాలువల్లో చాలా మటుకు ఏదో ఒక రోజు నా బల్ల మీదుగా పారినవే. ఇటుక కట్టడానికి ఎరుపు, చేలకు ఆకుపచ్చ, నీటికి నీలం. ఆ నీలం కుంచెతో ఒక్క ఊపున, మధ్యలో ఆగకుండా, ఎక్కడా చిక్కబడకుండా పూయడం మా ఆఫీసులో నాకే వచ్చని పేరు. కాలువ పూయాలంటే మిగతావాళ్ళు కుర్చీలు జరిపి చోటిచ్చేవారు. కొత్తగా వచ్చిన ఇంజనీరుగారు ఒకాయన నా ప్లాను చూసి, "కాగితం తడిగా ఉందేమిటయ్యా?" అని వేలు పెట్టి చూసుకున్నాడు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. పడేవాడు ఎంత ఎత్తునుంచి పడ్డాడో తెలియాలి కదా!

ఇక నా రెండో గుణం డైరీ. హైస్కూలు రోజుల నుంచీ రాస్తున్నాను. రిటైరయ్యాక వాటన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించే పని పెట్టుకున్నాను. పటమటలో మా ఇంటి ముందు గదిలో బల్ల వేసుకుని, పొద్దున టిఫిన్ అయినప్పటి నుంచి భోజనానికి పిలిచేదాకా టైపు చేసేవాణ్ణి. "వర్షం. సైకిలు మీద గుడివాడ రోడ్డులో సైటుకు వెళ్ళాను. పులుసులో ఉప్పు ఎక్కువ." ఇట్లాంటి మహత్తర విషయాలు.

రోజమ్మ వెనక నిలబడి చదివింది ఒకసారి. "ఎప్పుడో ఉప్పెక్కువైన సంగతి ఇప్పుడు కంప్యూటరుకి కూడా చెప్పాలా?" అంది.

"ఉన్నది ఉన్నట్టు ఎక్కించాలి. అదే పద్ధతి."

"అయితే ఆ పులుసు మీ అమ్మగారు చేసిందని కూడా ఎక్కించండి. నేనింకా కాపురానికి రాలేదప్పుడు."

ఇట్లా పని సాగుతుండగా కళ్ళు మండటం మొదలుపెట్టాయి. సాయంత్రానికి కళ్ళల్లో ఎవరో ఇసక పోసి కాంక్రీటు కలుపుతున్నట్టుండేది. మా అమ్మాయి సునీత పక్క వీధిలోనే ఉంటుంది, స్కూల్లో సైన్సు చెబుతుంది. దానికి ఫోన్ చేశాను.

"నాన్నా, నువ్వు రెప్ప వెయ్యకుండా గుడ్లప్పగించి చూస్తావు, అందుకే మంట. మధ్యమధ్యలో లేచి కిటికీలోంచి దూరంగా చూడు. రెప్పలు ఆడించు."

"కిటికీలో నిలబడి రెప్పలు ఆడిస్తే ఎదురింటివాళ్ళు ఏమనుకుంటారే?"

"అయితే కిటికీ వేసుకుని ఆడించు," అని పెట్టేసింది.

అంత సులువైన వైద్యం మీద నాకు నమ్మకం లేదు. పొద్దున నాతో నడకకొచ్చే మిత్రులు అసలు కారణం చెప్పారు. కంప్యూటర్‌లోంచి నీలం వెలుతురు వస్తుందట. అది కళ్ళను తినేస్తుందట. దాన్ని ఆపే కళ్ళజోళ్ళు వచ్చాయట. నాకు మనసు చివుక్కుమంది. నీలం నాకు అన్నం పెట్టిన రంగు. ఇన్నేళ్ళు సేవ చేస్తే, చివరికి అదే నా కళ్ళ మీద పగబట్టిందా!

మర్నాడే రోజమ్మను వెంటబెట్టుకుని సత్యంగారి కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళాను. పాత జోడు కాడ విరిగి దారంతో కట్టుకుని నడిపిస్తున్నాను కాబట్టి ఎట్లాగూ కొత్తది కావాలి. సత్యంగారు ఎంత కోపిష్ఠి వచ్చినా నవ్వుతూ కూర్చోబెట్టే మనిషి. చూపు పరీక్ష చేసి, నంబరు రాసుకుని, అద్దం బిళ్ళ ఒకటి తీశారు. ఇంకో చేత్తో టార్చి పెన్ను నొక్కితే నీలం వెలుతురు వచ్చింది.

"చూడండి సార్, ఇది మామూలు అద్దం. వెలుతురు అటు దూరిపోయింది. ఇప్పుడిది మన బ్లూ కట్ అద్దం. చూశారా, తగ్గింది!"

"తగ్గింది సరే. మొత్తం ఆగలేదే?"

"కొంత ఆపుతుందండి."

"మిగతాది?"

"మిగతాది వస్తుందండి."

నేను కుర్చీ ముందుకి జరుపుకున్నాను. "సత్యంగారూ, కాలువకి తలుపు బిగించి, సగం నీళ్ళు ఆపాను, సగం పోతున్నాయి అంటే మా ఇంజనీరు ఊరుకునేవాడా? ఆపడం అంటే ఆపడమే. ఇంకా గట్టిది చూపించండి."

ఆయన ఇంకోటి తీశారు. అందులోంచీ కాస్త కారింది. ఇంకోటి తీశారు. బల్ల నిండా అద్దాలు పరిచి ఒక్కోదాని వెనక నా అరచెయ్యి పెట్టి, టార్చి వేయించి, ఎంత లీకవుతోందో చూసుకుంటూ పోయాను. వెనక నలుగురైదుగురు జమయ్యారు. చివరికి సత్యంగారు అరలోంచి ఒక జోడు తీశారు. చిక్కటి తేనె రంగు. దాని మీద టార్చి నొక్కితే నా అరచేతిలో చీకటి! చుక్క దిగలేదు.

"ఇది! ఇదీ కళ్ళజోడంటే!"

"సార్, ఇది ఆటోనగర్ లారీ డ్రైవర్లు అడుగుతుంటారండి, ఎదురు లైట్లు తట్టుకోవడానికి. రంగులు బాగా తేడాగా కనపడతాయండి."

"రంగులతో నాకిప్పుడేం పని? నేను చూసేది అక్షరాలు. అక్షరం నల్లన, కాగితం తెల్లన. నా పవరు ఇందులోనే వేయించండి."

రోజమ్మ నా ముఖం కేసి, ఆ జోడు కేసి మార్చి మార్చి చూసింది. "కంప్యూటరు ముందు పెట్టుకోడానికైతే సరే. బయటికి మాత్రం ఇంకోటి కూడా చేయించుకోండి."

"ఒక ముక్కుకి రెండు జోళ్ళెందుకు?" అన్నాను. పాఠకులు దయచేసి ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోకండి. నేనే మరిచిపోవాలని చూస్తున్నాను.

ఆ జోడు పెట్టుకున్న క్షణం నుంచీ నా కళ్ళమంట తగ్గిందని ఊరంతా చెప్పాను. అమ్మాయి చెప్పినట్టు దొంగతనంగా రెప్పలు కూడా ఆడిస్తున్నానని మాత్రం చెప్పలేదు. కానీ అసలు మహిమ అది కాదు. ఆ అద్దాల్లోంచి లోకం మొత్తం పాత ఫోటోలా కనపడింది. మా పెళ్ళి ఆల్బంలో పేజీలు ఏ రంగుకి తిరిగాయో, బందరు రోడ్డు ఆ రంగుకి తిరిగింది. మిట్టమధ్యాహ్నం ఎండ కూడా సాయంత్రపు ఎండలా మెత్తబడింది. బ్యారేజీ మీద నిలబడితే కృష్ణ ఎప్పటి కృష్ణో అయిపోయింది. బందరు కాలువ గట్టు వెంట నడుస్తుంటే, నా చిన్నతనంలో గడ్డి మోపులు కొండలా వేసుకుని వచ్చే పడవలు ఇంకో మలుపు తిరిగితే కనపడతాయేమో అనిపించేది. పడవ ముందు తాడు భుజాన వేసుకుని గట్టు మీద లాగుతూ నడిచే మనుషులు, తెడ్డు దగ్గర పొయ్యి, ఆ పొయ్యి మీద ఉడికే అన్నం వాసన. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ప్లాన్ల చుట్ట సైకిలు హ్యాండిల్‌కి కట్టుకుని అదే గట్టు మీద తొక్కేవాణ్ణి. పడవవాళ్ళు "అయ్యా, కాలువ ఎటు తిప్పుతున్నారు?" అని అరిచేవారు. "మీ ఇంటికే!" అని అరిచేవాణ్ణి. ఇప్పుడా కాలువలో పడవల్లేవు. ఉన్నవాటి గురించి చెప్పుకోకపోవడమే మంచిది. కానీ నా జోడు వాటిని కూడా బంగారు రంగులో ముంచి చూపించేది. ఇక తీయబుద్ధి పుడుతుందా చెప్పండి? స్నానానికీ నిద్రకీ తప్ప తీయడం మానేశాను. తెలుపంటే అదే తెలుపనీ, ఆకాశమంటే ఆ రంగే అనీ నా బుర్ర కూడా ఒప్పేసుకుంది.

అట్లా కొన్ని వారాలు గడిచి క్రిస్మస్ దగ్గరపడింది. మా ఇంట్లో క్రిస్మస్ అంటే ముందు బాలయేసు పుట్టిన పశువుల పాక అమర్చడం. నక్షత్రం తర్వాత, కేకు తర్వాత, కొత్త బట్టలు ఆ తర్వాత. ఆ పాకలో పెట్టే బొమ్మలు రోజమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకుంది. మా మామగారు రైల్వేలో గార్డుగా చేసేవారు. రోజమ్మ పుట్టిన ఏడు ఆయన డ్యూటీ దిగి కొండపల్లి వెళ్ళి, అక్కడి బొమ్మల వాళ్ళ చేత పొణికి కర్రతో మరియతల్లి బొమ్మ ఒక్కటి చేయించి తెచ్చారట. అన్నీ ఒకేసారి కొనే స్తోమతు లేదు. మరుసటి ఏడు ఆ తల్లి భర్త జోజప్ప, ఆ పై ఏడు బాలయేసు. అప్పటిదాకా తల్లీ తండ్రీ ఖాళీ గడ్డి వైపు చూస్తూ కూర్చున్నారని రోజమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. ఆ తర్వాత ఏటా ఒక గొర్రె. ఒక ఏడు డబ్బు సరిపోక సగం ధరకి చెవి విరిగిన గొర్రెను తెచ్చారట. ఆ గొర్రె అంటేనే రోజమ్మకు ప్రాణం. సన్మనస్కుడు, అదే దేవదూత, వచ్చిన ఏటికి ఆవిడకు పెళ్ళీడు వచ్చింది.

ఇక నేను కొత్త జోడు పెట్టుకున్న ఏడు అటక మీద నుంచి ఆ బొమ్మల పెట్టె దించి తెరిస్తే చెదలు. పొణికి మెత్తని కర్ర కదా, వాటికి పండగ. గొర్రెలు పిండైపోయాయి. జోజప్పకు కర్ర మిగిలింది, మనిషి లేడు. మరియతల్లి ముఖం ఒక్కటీ నిలిచింది. పైట మీది రంగు పెచ్చులు పెచ్చులుగా రోజమ్మ ఒళ్ళో రాలిపోయింది. ఆవిడ ఏడవలేదు. ఆ పెచ్చులు ఏరుతూ కూర్చుంది, వేళ్ళ మధ్య పొడైపోయేదాకా.

"ఎందుకు బాధపడతావు? కొండపల్లి వెళ్ళి మళ్ళీ చేయించుకొస్తాను," అన్నాను.

"మిగతావి ఎట్లా చేసినా ఫర్వాలేదు," అంది మెల్లగా. "పైట మాత్రం మా నాన్న తెచ్చినట్టే ఉండాలి. లేత నీలం. వర్షం వెలిసినాక పొద్దున్నే ఉంటుంది చూడండి ఆకాశం, అట్లా. నేనే వచ్చేదాన్ని, ఈ మోకాళ్ళు బస్సెక్కనివ్వవు."

"నీలం సంగతి నాకు చెబుతున్నావా?" అని నవ్వాను.

"మీకు తెలీదని కాదు. ఆ పసుపుపచ్చ జోడు తీసి వెళ్ళండి."

"తీస్తే బస్సు నంబరు ఎవరు చదువుతారు?"

జోడుతోనే వెళ్ళాను.

కొండపల్లిలో బొమ్మలు చేసే భద్రయ్యగారు గలగల మాట్లాడే మనిషి. నా కోరిక విని సంబరపడ్డారు. బొమ్మలు చెక్కడం అయ్యాక కబురు పెడితే రంగులు చెప్పడానికి మళ్ళీ వెళ్ళాను. వాకిట్లో తెల్లని బొమ్మలన్నీ ఎండలో ఆరుతున్నాయి. ఆయన ఒక చెక్క పలక తెచ్చారు. దాని మీద ఉన్న రంగులన్నీ చుక్కలు చుక్కలుగా పూసి ఉన్నాయి.

"వేలు పెట్టి చూపించండయ్యగారూ, అదే వేస్తాం."

మొదట పైనున్న రెండు చుక్కలు చూశాను. "ఈ రెండూ ఒకటే కదండీ, రెండుసార్లు ఎందుకు పూశారు?"

భద్రయ్యగారు పడీపడీ నవ్వారు. "అయ్యగారు భలే సరదా మనిషండీ!"

ఎందుకు నవ్వారో తెలియకపోయినా నేనూ నవ్వాను. మళ్ళీ చూస్తే రెంటిలో ఒకటి కాస్త కళ్ళలో గుచ్చుతోంది, రెండోది మీగడలా మెత్తగా ఉంది. మెత్తనిదాని మీద వేలు పెట్టాను. "గొర్రెలకీ, సన్మనస్కుడి అంగీకీ ఇది."

"ఇదాండీ? గొర్రెలకాండీ?"

"గొర్రెలకే."

"మావైపు నల్లవీ ఎర్రవీ ఉంటాయండి, మహా అయితే తెల్లవి..."

"మీవైపు సంగతి కాదు భద్రయ్యగారూ. ఇవి బేత్లెహేము గొర్రెలు."

"ఓహో, అట్లాగాండీ! అక్కడ ఇట్లా ఉంటాయని మాకు తెలీదండి," అని ఎంతో గౌరవంగా తలూపారు. ఆ గౌరవం చూసి నాకు ఒళ్ళు పులకరించింది. ఎవరికైనా ఉట్టినే గౌరవం దొరికితే, దాని అడుగున ఏముందో ఒకసారి తిప్పి చూసుకోవాలని ఇప్పుడు తెలిసింది.

"ఇక ముఖ్యమైనది. నీలం ఏది?"

ఆయన ఒక చుక్క చూపించారు. బూడిద. చల్లారిన పొయ్యిలోంచి తీసి పూసినట్టుంది.

"ఇది నీలమా?"

"నీలమేనండి. పొద్దున్నే కలిపాం."

"నేను ఉద్యోగమంతా నీలం పూసి బతికినవాణ్ణండీ. నాకు చెబుతారా?" అని పలక మీద వేలు నడిపించుకుంటూ పోయాను. ఒకచోట ఆగింది. చల్లగా, తడిగా, అప్పుడే గేటెత్తి వదిలిన నీళ్ళలా ఉంది ఆ చుక్క. "ఇదిగో! ఇదీ నీలమంటే!"

భద్రయ్యగారు పలక కేసి చూశారు. నా కేసి చూశారు. లోపల్నుంచి ఆయన భార్య కూడా వచ్చి చూసింది.

"అయ్యగారూ, దీన్ని మేం చిలకపచ్చ అంటామండి."

పేర్లదేముంది! ఒకే కూరని కృష్ణలో ఒకలా, గుంటూరులో ఒకలా పిలుస్తారు, రంగులకూ అంతే కాబోలనుకున్నాను. "మీరు ఏ పేరన్నా పెట్టుకోండి. మా మరియతల్లికి నిండుగా ఇదే వెయ్యండి. చుక్క తేడా రాకూడదు."

"మీ పద్ధతులు మాకేం తెలుసండి. కట్టుకునేది ఆ తల్లి, కొనేది మీరు. మధ్యలో మాదేం పోయింది!"

అంతలో రోజమ్మ ఫోన్. "నీలం దొరికిందా అండీ?"

"దొరకడమేంటి, పలక మీద పట్టుకున్నాను. సాక్షాత్తూ నీళ్ళే."

"మా నాన్న తెచ్చినట్టే ఉందా?"

"అంతకంటే బాగుంది."

"త్వరగా తీసుకురండి," అంది చిన్నపిల్లలా.

బొమ్మలు తయారై వచ్చిన రోజు రోజమ్మ స్నానం చేసి, ముందు గదిలో గడ్డి పరిచి, దీపం పెట్టి కూర్చుంది. మొదటి పొట్లం తనే తీసుకుంది. దారం విప్పింది. కాగితం తీసింది. నేను చేతులు కట్టుకుని మెచ్చుకోలు కోసం నిలబడ్డాను.

"ఏవండీ."

"ఊఁ."

"ఈవిడెవరు?"

"ఎవరేమిటి? మరియతల్లి!"

"ఈ చీరెవరు పెట్టారు?"

"నువ్వడిగిన నీలమేగా."

రోజమ్మ బొమ్మను దీపం దగ్గరికి తీసుకెళ్ళింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. పెట్టి వచ్చి రెండో పొట్లం విప్పింది. సన్మనస్కుడు. మూడోది, నాలుగోది. గొర్రెలన్నీ వరసగా నిలబెట్టింది.

"వీటికి నలుగెవరు పెట్టారు?"

"నలుగేంటి?"

"పసుపు ముద్దలా ఉన్నాయి! ఎవరింటి పెళ్ళి పీటల మీంచి లేచొచ్చాయి ఇవి? ఈ సన్మనస్కుడు శుభవార్త చెప్పడానికొచ్చాడా, మంగళస్నానానికొచ్చాడా?"

"పాలలా తెల్లగా ఉంటే పసుపంటావేంటి?"

"ఆ జోడు తీసి చూడండి ముందు!"

"చక్కగా చూసేది జోడున్నవాడా, లేనివాడా? రోజమ్మా, నాకెందుకో నీ కళ్ళకే పొర వచ్చిందేమోనని అనుమానంగా ఉంది."

పాత మరియతల్లి ముఖం, ఆ ఒక్క ముక్క, ఆవిడ గుడ్డలో చుట్టి దాచుకుంది, అది తెచ్చి కొత్త బొమ్మ పక్కన పెట్టింది. కాసేపు చూసింది. "మా నాన్న బొమ్మ ఇట్లా ఉండేది కాదండీ," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి ఉన్నా, ఏడుస్తోందని భుజాలు చెప్పాయి.

నాకు నిజంగానే భయం వేసింది. పాపం, నీలాన్ని నీలం కాదంటోంది, తెలుపుని పసుపంటోంది, చూపు ఎంత పాడైపోయిందో! ఆవిడ కళ్ళు నేను ఇన్నాళ్ళూ పట్టించుకోలేదని నా మీద నాకే కోపం వచ్చింది. పాఠకులారా, ఆ రోజు డైరీలో "రోజమ్మ కళ్ళు చూపించాలి" అని రాసుకుని కింద గీత కూడా గీశాను.

పొద్దున్నే చెప్పాను. "సత్యంగారి దగ్గరికి వెళ్దాం."

"పదండి!" అంది రోజమ్మ. అంత తొందరగా ఆవిడ ఎప్పుడూ బయలుదేరలేదు. "ఆ బొమ్మ కూడా సంచిలో పెట్టండి. ఎవరి కళ్ళో ఇవాళ తేలిపోవాలి."

షాపులో సత్యంగారు ఆవిణ్ణి కూర్చోబెట్టి అక్షరాలు చదివించారు. ఆవిడ పైనుంచి కిందిదాకా గడగడా చదివి, అడుగున ఆ బోర్డు అచ్చేసిన కంపెనీ పేరు కూడా చదివేసింది.

"అమ్మగారి చూపు బాగుందండి."

"అక్షరాలు కాదండీ, రంగులు! రంగులు పోయాయి," అని నేను సంచిలోంచి మరియతల్లిని తీసి ఆయన బల్ల మీద నిలబెట్టాను. "మీరే చెప్పండి. ఇదేం రంగు?"

సత్యంగారు బొమ్మను చూశారు. రోజమ్మను చూశారు. ఆవిడ చేతులు కట్టుకుని కూర్చుంది. నన్ను చూశారు. వ్యాపారం చేసుకునే మనిషి, భార్యాభర్తల మధ్య తీర్పు చెబుతాడా?

"సార్, మీ జోడు ముక్కు దగ్గర వదులైనట్టుంది. ఒకసారి ఇటివ్వండి, బిగించి ఇస్తాను."

తీసి ఇచ్చాను.

అయ్యా, గట్టు తెగితే నీళ్ళు ఊరి మీద పడటం నేను చూశాను. ఆ రోజు రంగులు అట్లా పడ్డాయి నా మీద. షాపు గోడ నీలం. సత్యంగారి చొక్కా నీలం. తలుపు బయట ఆకాశం నీలం, ఎంత నీలం! పక్కకి తిరిగితే మా ఆవిడ నీలం చీరలో ఉంది. కొన్ని వారాలుగా ఈవిడ పొద్దస్తమానం ఈ బూడిద రంగు చీర కట్టుకుంటుందేమిటి, మనసు బాగాలేదా అని నాలో నేను బెంగపడుతున్న చీర అది.

"ఈ చీరెప్పుడు కొన్నావు?" అన్నాను.

"కిందటి పండక్కి మీరే కొన్నారు."

అప్పుడు బల్ల మీదకి చూశాను. కళ్ళజోడు లేక ముఖం మసకగా ఉంది గానీ, రంగుకి మసకేముంది! పంటచేను మధ్య నిలబడ్డట్టు, పచ్చగా, నిగనిగలాడుతూ, చిలకల గుంపు వాలినట్టుంది మరియతల్లి.

మగవాడు తప్పు ఒప్పుకునే ముందు రెండు ప్రయత్నాలు చేస్తాడు. నేనూ చేశాను.

"సత్యంగారూ, షాపులో లైట్లేమన్నా మార్చారా?"

"లేదండి."

"రోజమ్మా, దార్లో బొమ్మేమన్నా మార్చావా?"

రోజమ్మకు మొదట నవ్వు ఆగింది, ఆ తర్వాత ఆగలేదు. కుర్చీ పట్టుకుని, కళ్ళజోళ్ళ అద్దాల బీరువా పట్టుకుని, చివరికి నా భుజం పట్టుకుని నవ్వింది. "ఆ జోజప్పగారికేం, నోరెత్తకుండా పక్కన నిలబడతారు. ఈ జోజయ్యగారున్నారే...!" అని మాట పూర్తి చేయలేకపోయింది. ఆ నవ్వు చూసి బతికాననుకున్నాను. కానీ నవ్వులోంచి తేరుకున్నాక కళ్ళు తుడుచుకుంటూ ఆవిడ అడిగింది ఒక్కటే. "ఇప్పుడు నా నీలం ఎట్లా?"

సత్యంగారు ఏ రంగూ లేని అద్దాలతో మామూలు జోడు త్వరగా చేయించి ఇచ్చారు. ఈసారి కొండపల్లికి నన్ను ఒంటరిగా పంపడానికి ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. రోజమ్మ మోకాళ్ళకి పట్టీలు కట్టుకుని, "పాకుతూనైనా వస్తాను," అంటూ బస్సెక్కింది.

భద్రయ్యగారి వాకిట్లో పీట వేయించుకుని కూర్చుంది. పలక తెమ్మంది. నీలం చుక్క చూసింది. "ఇది కాదండీ. ఇంకా లేత." ఆయన తెలుపు కలిపారు. "ఇంకొంచెం." కలిపారు. "మరీ పాలిపోయింది." నీలం కలిపారు. కలుపుతున్నకొద్దీ ఆవిడ కళ్ళు మూసుకుని తెరుస్తోంది. నాకు ఆ రంగుల్లో తేడాలన్నీ కనపడుతున్నాయి, పేర్లు కూడా తెలుసు. అయినా నోరు మెదపలేదు. ఆవిడ వెతుకుతున్నది నా ప్లాన్లలో ఎక్కడా పూసిన రంగు కాదు. అది డ్యూటీ దిగి, లాంతరు ఒక చేత్తో, కాగితం పొట్లం ఒక చేత్తో గుమ్మంలోకి వచ్చిన ఒకాయన చేతిలో ఉంది.

"ఆగండి," అంది హఠాత్తుగా. "ఇదే. ఇంకేం కలపకండి."

వేలు ముంచి గోటి మీద పూసుకుని చూసుకుంది. భద్రయ్యగారు కుంచె పైకెత్తి పట్టుకుని అట్లాగే ఉండిపోయారు. నేను జోడు తీసి తుడుచుకున్నాను. దుమ్ము పడింది.

మరియతల్లి పైట ఆవిడ కళ్ళ ముందే నీలమైంది. సన్మనస్కుడికి తెల్లంగీ వచ్చింది. గొర్రెల దగ్గరికొచ్చేసరికి రోజమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"వాటిని ముట్టుకోకండి. ఉండనివ్వండి అట్లాగే."

"ఎందుకూ?" అన్నాను బతిమాలుతూ.

"పండక్కి చుట్టాలొస్తారు. వాళ్ళు అడగాలి, నేను చెప్పాలి."

సరే, శిక్ష ఇంతటితో అయిందనుకుని బొమ్మలు ఆరేదాకా టీ తాగుతున్నాం. భద్రయ్యగారు గొంతు సవరించుకున్నారు.

"అమ్మగారూ, ఒక మాటండీ. అయ్యగారు చెప్పిన పద్ధతి మీకు నచ్చలేదు గానీ, ఇక్కడ ఎండలో పెట్టినప్పుడు ఏలూరువైపు నుంచి వచ్చినవాళ్ళు చూసి ముచ్చటపడ్డారండి. ఇదేంటి కొత్తగా ఉందన్నారు. కొత్త కాదండీ, అసలు పద్ధతే ఇది, బేత్లెహేములో గొర్రెలు ఇట్లాగే ఉంటాయట, తెలిసిన పెద్దమనిషి దగ్గరుండి చెప్పారు అన్నానండి. అచ్చం అట్లాంటివే చేయించుకున్నారు."

నేను గ్లాసు కింద పెట్టేశాను. "బొమ్మలు ఇంకా మీ దగ్గరే ఉన్నాయా?"

"నిన్ననే తీసుకెళ్ళారండి. చాలా పెద్ద సైజు. వాళ్ళ ఊరి గుళ్ళో పెడతారట."

బస్సులో పటమట దాకా రోజమ్మ నవ్వుతూనే ఉంది. కండక్టరు కూడా వచ్చి సంగతేంటని అడిగి, విని, టికెట్లు కొట్టడం మరిచిపోయి డ్రైవరుకి చెప్పడానికి ముందుకి వెళ్ళాడు. అప్పటి నుంచీ ప్రతి క్రిస్మస్‌కీ నాకు అదే ఆలోచన. ఏలూరువైపు ఏదో ఊళ్ళో, పేరు తెలియని ఒక గుళ్ళో, చిలకపచ్చ పైట వేసుకున్న మరియతల్లి ముందు భక్తులు మోకరిల్లుతూ ఉంటారు. పిల్లలు "నాన్నా, గొర్రెలు పసుపుగా ఎందుకున్నాయి?" అని అడుగుతారు. తండ్రులు ఎంతో గంభీరంగా, "అక్కడ అట్లాగే ఉంటాయిరా," అని చెబుతారు.

కనుక, పటమట వాస్తవ్యుడినైన జోజయ్య అనే నేను, పూర్తి స్పృహతో, మామూలు అద్దాల జోడు ముక్కున ధరించి, మీ అందరి ముందూ ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఈ లోకంలోని ఏ వస్తువుకూ నేను రంగు చెప్పను, ఎంచను, వేయించను, వాదించను. రేపెవరైనా నన్ను ఆపి ఆకాశం ఏ రంగని అడిగినా సరే, కాసేపు కూర్చోమని చెప్పి, లోపలికి వెళ్ళి మా ఆవిణ్ణి అడిగి వస్తాను.